క్లైంబింగ్ పరిశోధనల్లో స్త్రీల లెక్క తీయడం ఎలా? తిరుపతి విద్యార్థులకు ఒక పద్ధతి

తిరుపతిలో ఉండి స్పోర్ట్ క్లైంబింగ్ (పట్టులు అమర్చిన నిలువు గోడను చేతులతో కాళ్లతో ఎక్కే క్రీడ) మీద వ్యాయామ విద్యలోనో, ఫిజియోథెరపీలోనో, పోషకాహార శాస్త్రంలోనో పరిశోధనాంశం ఎంచుకుంటానంటే, పోటీ ప్రమాణాల గోడ ఎక్కడుంది, పరీక్షలకు వచ్చే క్లైంబర్లు ఎక్కడి నుంచి వస్తారు అని గైడ్ అడగడం సహజం. ఆ సందేహం న్యాయమైనదే. అయితే గోడ అవసరం లేకుండా గ్రంథాలయంలో కూర్చుని చేయగలిగిన పని ఒకటి ఈ రంగంలో ఉంది. ఇప్పటివరకు అచ్చయిన పరిశోధనల్లో స్త్రీలు ఎంతమంది పాల్గొన్నారో, వారు ఏ స్థాయి క్లైంబర్లో, వారి ఫలితాలు విడిగా కనబడుతున్నాయో లేదో ఒక్కొక్క పత్రం తెరిచి తనిఖీ చేయడమే ఆ పని. పద్ధతిగా చేస్తే అది డిసర్టేషన్‌కు సరిపోయే స్వతంత్ర పరిశోధన అవుతుంది.

ఇలాంటి లెక్కలు క్రీడాశాస్త్రం మొత్తానికి ఇదివరకే వేశారు. కాస్టెల్లో బృందం 2014లో క్రీడా వైద్య పత్రికల్లోని 1,382 వ్యాసాలను పరిశీలించి, వాటిలో పాల్గొన్న అరవై లక్షల పైచిలుకు మందిలో స్త్రీలు 39 శాతమని చూపింది. కౌలీ బృందం 2021లో 5,261 వ్యాసాలను పరిశీలించినప్పుడు పురుషుల మీద మాత్రమే చేసినవి 31 శాతం ఉండగా, స్త్రీల మీద మాత్రమే చేసినవి 6 శాతం ఉన్నాయి. ఈ అంకెలను క్లైంబింగ్‌కు యథాతథంగా అంటగట్టకండి. అవి అన్ని క్రీడలకూ కలిపి వేసినవి. మీరు వేయవలసినది క్లైంబింగ్‌కు విడిగా వేసే లెక్క.

మొదటి అడుగు: ప్రశ్నను విడగొట్టండి

"క్లైంబింగ్ పరిశోధనల్లో స్త్రీల ప్రాతినిధ్యం" అన్నది శీర్షికకు బాగుంటుంది గాని, దానితో నేరుగా లెక్క మొదలుపెట్టలేరు. దానిని మూడు ప్రశ్నలుగా చేసుకోండి. పాల్గొన్నవారిలో స్త్రీలు ఎంతమంది? వారి నైపుణ్య స్థాయి పురుషుల స్థాయితో పోల్చదగినదేనా? ఫలితాల పట్టికలో వారి అంకెలు విడిగా ఉన్నాయా? నా అభిప్రాయంలో మూడోది అన్నిటికంటె ముఖ్యం, ఎందుకంటే నమూనాలో చేర్చుకున్న స్త్రీలు విశ్లేషణకు వచ్చేసరికి పురుషులతో కలిసిపోయి కనబడకుండా పోవడం సాధారణంగా జరుగుతుంటుంది. తలల లెక్క ఒక్కటే చూస్తే అటువంటి పత్రం కూడా మంచి పత్రంగానే తేలుతుంది.

కాలపరిమితి కూడా ముందే నిర్ణయించుకోండి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ క్రీడను టోక్యో క్రీడల్లో చేర్చాలని 2016 ఆగస్టులో నిర్ణయించింది కాబట్టి, ఆ ఏడాదికి ముందు పదేళ్లు ఒక భాగంగా, తరువాతి కాలం మరో భాగంగా తీసుకుంటే పోలికకు ఒక ఆధారం ఉంటుంది. టోక్యోలో 20 మంది పురుషులు, 20 మంది స్త్రీలు పోటీపడ్డారు. 2024 ప్యారిస్‌లో రెండు వైపులా 34 మంది చొప్పున పోటీపడ్డారు. పోటీ గోడ మీద సమానత వచ్చిన ఈ కాలంలో ప్రయోగశాలలో కూడా అది వచ్చిందా అన్నది మీ అంకెలు చెప్పవలసిన సంగతి.

రెండో అడుగు: పత్రాలను వెతకండి, కాని స్త్రీల పేరుతో వెతకకండి

వైద్య పరిశోధనా వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్ రెండూ ఉచితంగా తెరుచుకుంటాయి. పూర్తి పాఠం దొరకని వ్యాసాల కోసం విశ్వవిద్యాలయ గ్రంథాలయ చందాలను చూడండి. అక్కడా లేకపోతే రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే చాలామంది ప్రతిని పంపిస్తారు. రాక్ క్లైంబింగ్, స్పోర్ట్ క్లైంబింగ్, బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు గోడను ఎక్కడం), లీడ్ క్లైంబింగ్ (తాడును తగిలించుకుంటూ ఎత్తైన గోడను ఎక్కడం), స్పీడ్ క్లైంబింగ్ (వేగంగా ఎక్కే పోటీ) అనే మాటలతో వెతకండి. ఒంటిగా "క్లైంబింగ్" అని వెతికితే మెట్లు ఎక్కడం మీద గుండె వైద్యుల వ్యాసాలు, చిన్నమెదడులోని క్లైంబింగ్ ఫైబర్ల మీద నాడీశాస్త్ర వ్యాసాలు, ఎలుకల చేత నిచ్చెన ఎక్కించిన కండర ప్రయోగాలు గుంపుగా వచ్చి పడతాయి.

వెతికే మాటలకు "స్త్రీలు" అన్న మాటను చేర్చవద్దు. చేర్చారంటే స్త్రీలను ప్రస్తావించిన పత్రాలే వస్తాయి, ప్రస్తావించని పత్రాలు మీ జాబితాలోకే రావు, దానితో మీరు కొలవదలచుకున్న లోపం మీ కొలతలో నుంచే తప్పిపోతుంది.

ఏది లోపల, ఏది బయట అన్న నియమాలను పత్రాలు చదవడానికి ముందే రాసి, తేదీ వేసి, గైడ్ సంతకం తీసుకోండి. పర్వతారోహణను బయటే ఉంచండి. భువనగిరి కొండ మీద శిక్షణ పొంది 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మన తెలుగువారందరికీ గర్వకారణమే గాని, పలుచని గాలిలో రోజుల తరబడి నడిచే శరీరం మీద చేసిన అధ్యయనానికీ, 15 మీటర్ల గోడ మీద కొన్ని నిమిషాలు వేళ్లతో వేలాడే శరీరం మీద చేసిన అధ్యయనానికీ ఒకే గాటన లెక్క వేయకూడదు. అలిపిరి మెట్ల మీద నడిచే భక్తుల గుండె వేగం మీద ఎవరైనా పత్రం రాసినా, అదీ ఈ జాబితాలోకి రాదు.

మూడో అడుగు: స్ప్రెడ్‌షీట్‌ను సిద్ధం చేయండి

ఒక అధ్యయనానికి ఒక వరుస కేటాయించండి. ఒకే నమూనా నుంచి రెండు మూడు పత్రాలు రావడం మామూలే కాబట్టి, రచయితలు, స్థలం, పాల్గొన్నవారి సంఖ్య, సగటు వయసు సరిపోలుతున్న పత్రాలను పక్కపక్కన పెట్టి చూసి, ఒకే గుంపు అని తేలితే ఒక్కసారే లెక్కించండి. నిలువు గడుల్లో ప్రచురణ సంవత్సరం, పురుషుల సంఖ్య, స్త్రీల సంఖ్య, విభాగం, నైపుణ్య స్థాయి, ఏం కొలిచారు, ఫలితాలు విడిగా ఇచ్చారా, ఋతుచక్రం గురించి ఏం చెప్పారు అన్నవి తప్పనిసరిగా ఉండాలి. శీర్షిక గురించి కూడా ఒక గడి పెట్టండి: స్త్రీల మీద మాత్రమే చేసిన అధ్యయనం ఆ సంగతిని శీర్షికలో చెప్పుకుంటుందా, పురుషుల మీద మాత్రమే చేసినది "క్లైంబర్లలో" అని సరిపెట్టుకుంటుందా అన్నది చూడదగిన విషయం. పాల్గొన్నవారి లింగాన్ని, పరిశోధన రూపకల్పనలో దాని పాత్రను స్పష్టంగా రాయాలని 2016లో వచ్చిన సేజర్ మార్గదర్శకాలు పత్రికలకూ రచయితలకూ చెబుతున్నాయి. ఆ తేదీకి ముందు వెనుకల తేడాను ఈ గడి పట్టి ఇస్తుంది.

రచయితల్లో స్త్రీలు ఎంతమంది అని లెక్కించాలని కూడా అనిపిస్తుంది. పేరు చూసి ఊహించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. ఇంటిపేరు మొదటి అక్షరాలతో సంతకం చేసే మనవాళ్ల పేర్లను చూసి విదేశీయులు ఎంత పొరబడతారో, వారి పేర్లను చూసి మనమూ అంతే పొరబడతాం. ఆ గడిని వదిలేయండి.

రెండు రకాల వాటాలను విడివిడిగా కట్టాలి: పత్రాల వాటా ఒకటి, పాల్గొన్నవారి వాటా ఒకటి. ఊహకు ఒక లెక్క చూడండి. పది మంది చొప్పున పురుషులతోనే చేసిన ప్రయోగాలు 9 ఉండి, 200 మంది స్త్రీలు, 200 మంది పురుషులు జవాబిచ్చిన ఆన్‌లైన్ సర్వే ఒకటి ఉందనుకుందాం. మొత్తం 490 మందిలో స్త్రీలు 200 మంది, అంటే దాదాపు 41 శాతం, చూడడానికి ముచ్చటైన అంకె. కాని పది అధ్యయనాల్లో తొమ్మిదింటిలో ఒక్క స్త్రీ కూడా లేదు, కండరాన్ని కొలిచిన ప్రయోగం ఒక్కటీ స్త్రీల మీద జరగలేదు. అందుకే సర్వేలను, ప్రయోగశాల కొలతలను, గాయాల రికార్డులను వేర్వేరు గుంపులుగా ఉంచి ప్రతి గుంపుకూ వాటా కట్టండి. అధ్యయనానికి సగటుతో పాటు మధ్యగతం కూడా ఇవ్వండి.

నాలుగో అడుగు: స్థాయిని సరిచూడండి

క్లైంబింగ్‌లో మార్గం ఎంత కష్టమో చెప్పే గ్రేడు పద్ధతి దేశానికొకటి ఉన్నందున, అంతర్జాతీయ రాక్ క్లైంబింగ్ పరిశోధనా సంఘం తరఫున డ్రేపర్, ఆయన సహచరులు 2015లో ఒక ఉమ్మడి కొలబద్దను ప్రచురించారు. గ్రేడులను 1 నుంచి 32 వరకు అంకెలుగా మార్చి, క్లైంబర్లను ఐదు స్థాయిలుగా విభజించడం దాని పని. ఇక్కడ జాగ్రత్తగా చదవవలసిన సంగతి ఏమిటంటే, పై స్థాయిల సరిహద్దులు పురుషులకూ స్త్రీలకూ ఒకటి కావు. ఒక స్త్రీ "ఎలైట్" అనిపించుకునే గ్రేడు దగ్గర పురుషుడు అంతకంటె కింది స్థాయిలోనే ఉండవచ్చు. కాబట్టి "ఎలైట్ స్త్రీ పురుషుల మధ్య పోలిక" అని పత్రం చెప్పినప్పుడు, గ్రేడు సమానమా, స్థాయి పేరు సమానమా అని విడిగా రాసుకోవాలి. గ్రేడు సమానమైతే ఇద్దరూ ఒకే కష్టాన్ని ఎక్కగలరన్నమాట. పేరు మాత్రమే సమానమైతే ఇద్దరూ తమ తమ వర్గంలో ఒకే వరుసలో ఉన్నారన్నమాట. ఈ రెండు పోలికలు ఇచ్చే జవాబులు వేర్వేరు, వాటిని ఒకే నిలువు గడిలో కలపకూడదు.

ఐదో అడుగు: ఫలితాల్లో స్త్రీలు ఎక్కడ కనబడకుండా పోయారో వెతకండి

వాట్స్ బృందం 1993లో అంతర్జాతీయ పోటీకి వచ్చిన 21 మంది పురుషులను, 18 మంది స్త్రీలను కొలిచి, ఇద్దరి శరీర కొలతలనూ విడివిడిగా ఇచ్చింది. మెర్మియే బృందం 2000లో 24 మంది పురుషులతో, 20 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ఉదహరించబడుతుంది. శిక్షణతో మార్చుకోగల లక్షణాలు ప్రదర్శనలోని తేడాలో 58.9 శాతాన్ని వివరిస్తాయని, శరీర నిర్మాణ కొలతలు 0.3 శాతాన్ని మాత్రమే వివరిస్తాయని దాని ఫలితం. తలల లెక్కలో ఈ రెండు పత్రాలూ మన్నన పొందుతాయి. కాని రెండోదానిలోని ఆ శాతాలు 44 మందినీ కలిపి చేసిన విశ్లేషణకు చెందినవి. ఎత్తు, బరువు, బలం, గ్రేడు అన్నీ లింగాన్ని బట్టి కొంత మారుతుంటాయి కాబట్టి, కలిపి చేసిన లెక్కలో "బలం వల్ల" అని తేలినదానిలో స్త్రీ పురుష భేదం ఎంత కలిసి ఉందో విడదీసి చెప్పలేము. ఆ పత్రం పనికిరానిదని దీని అర్థం కాదు. 20 మంది స్త్రీలకు మాత్రమే ఆ శాతాలు ఎంత ఉంటాయో పాఠకురాలికి అందలేదని మాత్రమే అర్థం. మీ గడిలో "చేర్చారు, విడిగా ఇవ్వలేదు" అని రాయండి.

శాతాలు మాత్రమే ఇచ్చి స్త్రీ పురుషుల సంఖ్యలను దాటవేసిన సంక్షిప్తాల నుంచి కూడా కొంత రాబట్టవచ్చు. జూబర్ట్ బృందం 2020లో 604 మంది లీడ్ క్లైంబర్లకు ఒక ప్రశ్నావళి ఇచ్చినప్పుడు, ఆహారపు అలవాట్లలో వికృతి లక్షణాలు మొత్తం మీద 8.6 శాతం మందిలో, పురుషుల్లో 6.3 శాతం మందిలో, స్త్రీలలో 16.5 శాతం మందిలో కనిపించాయి. మొత్తం శాతం నుంచి పురుషుల శాతాన్ని తీసివేస్తే 2.3, స్త్రీల శాతం నుంచి పురుషుల శాతాన్ని తీసివేస్తే 10.2. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నమూనాలో స్త్రీల వాటా సుమారు 22 లేదా 23 శాతమని తెలుస్తుంది. పూర్తి పాఠం చేతికి వచ్చాక సరిచూసుకోవాలి, కాని అప్పటివరకు ఈ లెక్క పనికి వస్తుంది. అదే అధ్యయనంలో ఉన్నత స్థాయి స్త్రీలలో 42.9 శాతం అన్న అంకె కూడా ఉంది. భయపెట్టే అంకె, ప్రచారానికి సులువుగా దొరికే అంకె. 42.9 శాతం అంటే 7 మందిలో ముగ్గురు కావచ్చు, 14 మందిలో ఆరుగురు కావచ్చు, 28 మందిలో 12 మంది కావచ్చు. పక్కన సంఖ్య లేకుండా అటువంటి శాతాన్ని మీ పత్రంలోకి ఎత్తి రాయకండి.

ఆరో అడుగు: తేడా కనిపించినచోట అది దేని తేడా అని అడగండి

ప్యారిస్ 2024లో స్పీడ్ విభాగంలో అలెగ్జాండ్రా మిరోస్లావ్ 6.06 సెకన్లలో, శామ్ వాట్సన్ 4.74 సెకన్లలో ఎక్కి ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. 15 మీటర్ల గోడ, పట్టుల అమరిక, వంపు ఇద్దరికీ ఒకటే కనుక ఈ విభాగంలో నేరుగా పోల్చవచ్చు: స్త్రీల రికార్డుకు పట్టిన సమయం దాదాపు 28 శాతం ఎక్కువ. లీడ్‌లోనూ బౌల్డరింగ్‌లోనూ పోటీ మార్గాలను స్త్రీలకూ పురుషులకూ వేర్వేరుగా అమరుస్తారు. కాబట్టి స్త్రీల ఒలింపిక్ విజేత యాన్యా గార్న్‌బ్రెట్ స్కోరును పురుషుల విజేత స్కోరు పక్కన పెట్టి ఏదైనా తేల్చిన పత్రం కనబడితే అనుమానించండి. స్పీడ్‌లో సైతం ఆ 28 శాతమంతా కండరాల వల్లనే అనుకోకూడదు. పట్టుల మధ్య దూరం మారదు గనుక ఎత్తు తక్కువగా ఉన్నవారు, స్త్రీలైనా పురుషులైనా, అదే దూరాన్ని తమ శరీరంతో పోలిస్తే ఎక్కువగా చాచి అందుకోవలసి ఉంటుంది. సహజమైన బండ మీద పరిస్థితి ఇంకా భిన్నం: అమెరికాలోని ఎల్ కాపిటాన్ మీద నోస్ అనే మార్గాన్ని చేతులతో కాళ్లతోనే, పరికరాల మీద బరువు వేయకుండా మొట్టమొదట 1993లో పూర్తి చేసినది లిన్ హిల్ అనే స్త్రీ, అంతకుముందు ఆ పని ఏ పురుషుడూ చేయలేదు.

వేళ్ల బలం, ముంజేయి అలసట మీద చేసిన ప్రయోగాల్లో బరువును ఎలా నిర్ణయించారన్నది ప్రాణం వంటిది. ప్రతి ఒక్కరి గరిష్ఠ బలంలో ఒకే శాతాన్ని నిలబెట్టమంటే స్త్రీలు సగటున ఎక్కువసేపు నిలబెట్టడం అనేక కండరాల అధ్యయనాల్లో కనిపించిన సంగతి. తక్కువ బలంతో బిగిసిన కండరం లోపలి రక్తనాళాలను తక్కువగా నొక్కడం, నెమ్మదిగా అలసే కండర తంతువుల పాలు ఎక్కువగా ఉండడం దీనికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనవి. అందరికీ ఒకే కిలోల బరువు ఇస్తే ఫలితం తారుమారు కావచ్చు. గోడ మీద క్లైంబర్ మోసేది తన శరీర బరువునే కాబట్టి మూడో లెక్క కూడా ఉంది: బలాన్ని శరీర బరువుతో భాగించడం. ఈ మూడింటిలో ఏది వాడారో గడిలో రాయకపోతే, ఒక పత్రం "స్త్రీలు బలహీనులు" అనీ, మరొకటి "స్త్రీలు సహనశీలులు" అనీ చెప్పినట్లు మీకు అనిపించి, లేని వైరుధ్యాన్ని చర్చించడానికి ఒక అధ్యాయం ఖర్చవుతుంది.

ఏడో అడుగు: ఋతుచక్రం గురించిన గడిని నింపండి

చాలామంది మొహమాటపడి ఒక వాక్యంతో దాటిపోయేది ఇదే. ఎలియట్-సేల్, సహచరులు 2021లో ఇచ్చిన పద్ధతి ప్రకారం, యూమెనోరిక్, అంటే అండోత్సర్గంతో సహా చక్రం సక్రమంగా ఉన్నవారని చెప్పాలంటే చక్రం 21 నుంచి 35 రోజుల మధ్య ఉండాలి, ఏడాదికి కనీసం తొమ్మిది సార్లు రుతుస్రావం కావాలి, అండోత్సర్గానికి ముందు పెరిగే హార్మోనును మూత్ర పరీక్షతో పట్టుకోవాలి, చక్రం రెండో సగంలో రక్తంలోని ప్రొజెస్టెరాన్ లీటరుకు 16 నానోమోల్స్ దాటిందని చూపాలి, గత మూడు నెలల్లో హార్మోన్ గర్భనిరోధకాలు వాడి ఉండకూడదు. పత్రం వీటిలో ఎన్ని చేసిందో చూసి నాలుగు తరగతులుగా రాయండి: రక్త పరీక్షతో నిర్ధారించినవి, మూత్ర పరీక్షతో ఆగినవి, క్యాలెండరుతో లెక్కకట్టినవి, అసలు ప్రస్తావించనివి. గర్భనిరోధక మాత్రలు వాడేవారిని, వాడనివారిని కలిపేశారా అన్నదీ రాయండి. వేళ్ల పొడవు కొలిచిన అధ్యయనానికి ఇదంతా అక్కరలేదు. అలసటను, శక్తి వినియోగాన్ని, కీళ్ల సడలింపును కొలిచినవాటికి కావాలి. అందువల్ల "ప్రస్తావించలేదు" పక్కన "అవసరమా" అన్న మరో గడి ఉండడం న్యాయం.

రుతుస్రావం ఆగిపోయినవారిని నమూనా నుంచి తొలగించామని కొన్ని పత్రాలు చెబుతాయి. వారి సంఖ్య ఇచ్చారా అని చూడండి. వ్యాయామానికి ఖర్చయినది పోగా శరీరానికి మిగిలే శక్తి చాలనప్పుడు చక్రం ఆగడం, ఎముకలు పలచబడడం మొదలవుతాయి; ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, అది పురుషులకూ వర్తిస్తుంది. శరీర బరువు తగ్గితే ఎక్కడం సులువన్న నమ్మకం బలంగా ఉన్న క్రీడలో, అలా తొలగించబడినవారి సంఖ్యే ఒక ఫలితం.

ఎనిమిదో అడుగు: సొంత కొలతలకు దిగదలిస్తే

తనిఖీ ముగిశాక కొద్దిమంది క్లైంబర్ల మీద సొంత పరీక్ష జోడించాలనిపిస్తే, బెంగళూరు, హైదరాబాద్ గోడల మీద సాధన చేసే తెలుగువారిని సంప్రదించడం మేలు. శేషాచలం బండల మీద పరీక్షలు పెట్టాలన్న ఉత్సాహాన్ని మానుకోండి. అది రక్షిత అటవీ ప్రాంతం, పైగా భక్తుల మనసుతో ముడిపడిన కొండ. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందుగా తీసుకోవాలి. 18 ఏళ్లు నిండని అమ్మాయిల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి, అమ్మాయి అంగీకారం రెండూ కావాలి.

సమ్మతి పత్రం తెలుగులో, చదివితే అర్థమయ్యే వాక్యాలతో ఉండాలి. నెలసరి ప్రశ్నలను స్త్రీ పరిశోధకురాలే, కోచ్ లేని గదిలో అడగాలి. జవాబు చెప్పకుండా వదిలేసే వీలు పత్రంలోనే కల్పించాలి. బరువు తూచేటప్పుడు అంకెను బిగ్గరగా చదవకండి. మహిళా విశ్వవిద్యాలయంలో చదివేవారికి ఈ అమరికలు సులువుగా కుదురుతాయి, ఆ అనుకూలతను ప్రతిపాదనలో ఒక వాక్యంగా చెప్పుకోవచ్చు. ఎనిమిది మంది దొరికితే ఎనిమిది మంది గురించే రాయండి, "భారతీయ స్త్రీ క్లైంబర్లు" అని శీర్షిక పెట్టకండి.

తొమ్మిదో అడుగు: రాయడం

మీరు ఒక్కరే గడులు నింపితే మీ అలవాటే ఫలితం అవుతుంది. కనీసం ఐదోవంతు పత్రాలను సహాధ్యాయి ఒకరు మీ గడులు చూడకుండా విడిగా నింపాక, ఎన్నిచోట్ల ఏకీభవించారో శాతంగా రాయండి. ఏకీభవించనివి ఎక్కువగా "విడిగా ఇచ్చారా" అన్న గడి దగ్గరే వస్తాయి: వివరణ పట్టికలో ఎత్తు బరువులు విడిగా ఇచ్చి, అసలు ఫలితాన్ని కలిపి ఇచ్చిన పత్రాలను ఎటు వేయాలన్న తగవు అది. "పాక్షికం" అనే మూడో జవాబును మొదటి నుంచీ పెట్టుకోండి. లింగం చెప్పకుండా "క్లైంబర్లు" అని మాత్రమే రాసిన పత్రాలను పురుషుల ఖాతాలో వేయకుండా "చెప్పలేదు" అన్న వరుసలో ఉంచి, వాటి సంఖ్యను పట్టికలో చూపించండి. గైడ్‌కు సమర్పించే ప్రతితో పాటు స్ప్రెడ్‌షీట్ మొత్తాన్ని, తొలగించిన పత్రాలను, తొలగించిన కారణాలను అనుబంధంగా జతచేయండి. రెండేళ్ల తరువాత మీ జూనియర్ ఎవరైనా కొత్త పత్రాలను చేర్చి లెక్కను కొనసాగించాలనుకుంటే మొదట అడిగేది దాన్నే.